కొత్త రాయబారి గారి మూడో లక్ష్యం

నాకు కోపం వస్తే బయటికి కనిపించదు. ముఖం నవ్వుతున్నట్టే ఉంటుందట. అందుకే చిన్నప్పటినుంచీ అందరూ నన్ను నెమ్మదస్తురాలు అంటూ వచ్చారు. అది నెమ్మదితనం కాదు. నేను అనాల్సిన మాటలన్నీ నోట్‌బుక్కులోకి పోతాయి, అంతే. ఇది కూడా అలాంటి ఒక నోట్‌బుక్కు ముందు పెట్టుకుని రాస్తున్నదే. నీలం అట్ట, డబ్లిన్‌లో కొన్నది. అందులో మూడు వారాల పేజీలు తిరగేస్తే నాకిప్పటికీ చెంపలు వేడెక్కుతాయి.

కోవిడ్ రోజులు. డబ్లిన్ శివారు బోమాంట్‌లో ఒక ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్లం. ఇల్లు ఒక జపాన్ పెద్దావిడది. డెబ్బై ఎనిమిదేళ్లు. యాభై ఏళ్ల కింద ఒక ఐరిష్ ఆయన్ని పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చేసింది. ఆయన పోయారు, పిల్లల్లేరు. మేడ మీద తన గది పక్కనున్న రెండు గదులు అద్దెకిచ్చింది. పెద్ద గదిలో కరీంనగర్ నుంచి వచ్చిన నర్సక్క, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రిలో పని. చిన్న గదిలో నేను. మాస్టర్స్ చెయ్యడానికి అనకాపల్లి నుంచి వచ్చి, ఆరు వారాలు కాలేజీ ముఖం చూసి, మిగతాదంతా ఆ గదిలో లాప్‌టాప్ ముందు చదివినదాన్ని.

ఇంటావిడని అక్క వచ్చిన మొదటి రోజే "అవ్వా" అని పిలిచేసింది. ఆవిడా పలికేసింది. నేను మాత్రం ఆంటీ అనాలో అమ్మమ్మా అనాలో తేల్చుకోలేక, ఏమీ అనకుండా, ఎదురుపడ్డాకే మాట మొదలుపెడుతూ ఏడాది నెట్టుకొచ్చాను. ఆవిడ నా పేరు చివర మన 'గారు' లాంటి ఒక ముక్క తగిలించి పిలిచేది. ఎలా ఉన్నారని ఎవరడిగినా ఐరిష్ వాళ్లలాగే "గ్రాండ్, గ్రాండ్" అనేది. మోకాలు వాచి మెట్లెక్కలేని రోజున కూడా గ్రాండే.

ఆవిడకి కంప్యూటర్ లేదు. నెలకోసారి నా లాప్‌టాప్‌లో జపాన్ రాయబార కార్యాలయం వాళ్ల పేజీ తెరిచి పెట్టేదాన్ని. అక్షరాలు పెద్దవి చేసిస్తే, కళ్లద్దాలు తుడుచుకుని, పరీక్షకి చదువుతున్నట్టు చదివేది. తర్వాత నాకు ఇంగ్లిష్‌లో చెప్పేది. ఆ మార్చిలో కొత్త రాయబారి వచ్చారు. ఆయన ఫోటో, కింద పలకరింపు. ఐర్లండ్‌లో ఉంటున్న జపాన్ వాళ్ల కోసం తను మూడు లక్ష్యాలు పెట్టుకున్నానని రాశారు. మొదటిది, ఈ కష్టకాలంలో వాళ్ల ప్రాణాలకీ ఆరోగ్యానికీ అండగా నిలవడం. రెండోది, మనుషులు కలుసుకోలేని రోజుల్లో ఒకరికొకరు దూరం కాకుండా చూడడం. మూడోది, అందరి మాటా వినడం. ఎంత చిన్న విషయమైనా మొహమాటం లేకుండా మాకు చెప్పండి, అని ముగించారు.

"బాగా రాశారు," అంది ఆవిడ. "కానీ నేనిప్పుడు జపాన్ మనిషిని కాను కదా."

పెళ్లయిన కొన్నేళ్లకి ఆవిడ ఐరిష్ పాస్‌పోర్టు తీసుకుంది. అది తీసుకుంటే ఇది వదులుకోవాల్సిందే. అప్పట్లో అదో పెద్ద విషయంగా అనిపించలేదట. ఇప్పుడు జపాన్ తలుపులు మూసుకుంది. సొంత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. పరాయి పాస్‌పోర్టు వాళ్లకి ప్రత్యేక అనుమతి కావాలి. తను పుట్టిన దేశానికి ఆవిడ ఇప్పుడు పరాయి.

ఆ పలకరింపు చదివిన నాలుగో రోజున ఆవిడ చెల్లెలి కూతురు జపాన్ నుంచి ఫోన్ చేసింది. చెల్లెలు ఆసుపత్రిలో ఉంది. తోబుట్టువంటే ఆ ఒక్కతే. డాక్టర్లు నెలన్నర, మహా అయితే రెండు నెలలు అన్నారట. ఆవిడ ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్క ప్రెస్‌లో, అంటే అలమరలో, ఉన్న కప్పులన్నీ బయటికి తీసి, మళ్లీ లోపల సర్దింది. విషయం రెండు వాక్యాల్లో చెప్పింది. నేనూ నాలుగు కప్పులు సర్దాను.

మర్నాడు పొద్దున్నే వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని రాయబారి గారికి ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మూడు పేజీలైంది. గీతలు గీసినట్టు అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. కవరు మీద ఇంగ్లిష్ అడ్రసు నా చేత రాయించింది.

"ఏం రాశారు?" అని అడిగాను.

ఒక్కో పేరా చెప్పింది. కొత్త పదవికి అభినందనలు. కంచె పక్కన డాఫోడిల్స్ పూశాయి. ఇక్కడి గాలికి తమరు అలవాటు పడ్డారో లేదో. తమ సందేశం చదివి ధైర్యం కలిగింది. ఆరోగ్యం జాగ్రత్త. ఆఖరి పేజీ కింద మూడు వాక్యాలు: ఊళ్లో మా చెల్లెలికి ఈమధ్య కాస్త నలతగా ఉంది. లోకం కుదుటపడ్డాక వెళ్లి చూడాలని ఉంది. ఇంత తీరికలేని సమయంలో ఈ ముసలిదాని సంగతి తమరు మనసులో పెట్టుకోవద్దు.

"మరి అనుమతి అడిగారా?"

"అడిగాను కదా."

"ఎక్కడ?"

"చదివినవాళ్లకి అర్థమవుతుంది."

ఇక్కడే నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఎందుకంటే నాకు ఆవిడ చెప్పింది వింతగా అనిపించలేదు. నేను పుట్టి పెరిగిందీ అలాంటి ఇంట్లోనే. ఆరో తరగతిలో నాకు మంచి స్కూల్లో సీటు కావాల్సి వస్తే, మా నాన్న నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారింటికి వెళ్లారు. అరగంట కూర్చున్నాం. వానల గురించి, చెరకు రేటు గురించి, ఆయన మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడారు. లేచి వచ్చేటప్పుడు "పాప ఆరుకొచ్చిందండీ" అన్నారు. బయటికొచ్చాక "ఆయనకి అర్థమయ్యే ఉంటుందిలే" అన్నారు. అర్థం కాలేదు. సీటు రాలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు. స్టాంపు అతికించి, వీధి చివర ఆకుపచ్చ పోస్టు డబ్బాలో ఆ ఉత్తరం నేనే వేసొచ్చాను.

పన్నెండు రోజులకి జవాబొచ్చింది. మందపాటి కాగితం, కింద సంతకం. అభినందనలకి కృతజ్ఞతలు. నాకూ డాఫోడిల్స్ ఇష్టం. ఇక్కడి గాలికి గొడుగులు రెండు విరిగాయి. మీ చెల్లెలు గారు త్వరగా కోలుకోవాలి. లోకం కుదుటపడ్డాక మీరు తప్పక వెళ్లి చూడగలరని ఆశిస్తున్నాను.

ఆవిడ రెండుసార్లు చదివి, మడిచి, భర్త ఫోటో ముందు పెట్టింది. "కుదరదని ఎంత మృదువుగా చెప్పారో," అంది.

నేను గదిలోకి పోయి నోట్‌బుక్కు తెరిచాను. ఒకటిన్నర పేజీ తిట్టాను ఆ పెద్దమనిషిని. ఆయన ఫోటోలో నవ్వుని, ఆయన గొడుగుల్ని, మూడు లక్ష్యాలని ఒక్కొక్కటిగా పేరుపెట్టి తిట్టాను. అండగా నిలవడమంటే ఇదా అని రాశాను. పెన్ను కాగితాన్ని చింపింది. అలా రాసినంత సేపూ నేనేదో గొప్ప న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. తర్వాత దుప్పటి కప్పుకుని నవల చదువుకున్నాను. లైబ్రరీలు మూసేసిన ఆ రోజుల్లో ఉన్న నాలుగు పుస్తకాలే మళ్లీ మళ్లీ చదివేదాన్ని. పక్క గదిలో ఆవిడ చెల్లెలి కూతురితో ఫోన్లో మాట్లాడుతోంది. నాకు తెలిసిన ఒక్క జపాన్ మాట, మరేం ఫర్వాలేదనేది, పదే పదే వినిపించింది.

ఇంకో వారం పోయింది. ఆ వారంలో ఏం జరిగిందని చూస్తే నోట్‌బుక్కులో వర్షం గురించి ఉంది, నా అసైన్‌మెంట్ గురించి ఉంది.

ఈ సంగతేదీ అక్కకి తెలియదు. ఆ నెలంతా ఆసుపత్రిలో మనుషులు లేక డబుల్ డ్యూటీలు, ఇంటికొచ్చి పడుకోవడమే. ఒక శనివారం సాయంత్రం ముఖం మీద మాస్కు గీతలతో వంటింట్లోకి వచ్చింది. నేను అన్నంలో రసం పోసిచ్చాను. ఫోటో ముందున్న కవరు చూసి అడిగింది. చెప్పాను, మొదటినుంచీ.

అక్క ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేసింది. "ఆగాగు. అనుమతి ఇయ్యమని రాసిన్రా?"

"డైరెక్ట్‌గా రాయలేదు..."

"రాసిన్రా, లేదా?"

"లేదు."

"చెల్లె సచ్చిపోతాందని రాసిన్రా?"

"నలతగా ఉందని రాశారు."

"నలత!" అక్క పళ్లెం పక్కకి నెట్టింది. "ఏందే ఇది? మీ ఇద్దరికి దిమాక్ ఉన్నదా? పాపం ఆ రాయబారి ఏం జేస్తడు? డాఫోడిల్ పువ్వుల గురించి రాస్తే పువ్వుల గురించే జవాబిచ్చిండు. మా వార్డుల ముసలోళ్లు గిట్లనే ఉంటరు. ఎట్లున్నవ్ తాతా అంటే గ్రాండ్ అంటరు. ఏలికి మిషిన్ పెడితే ఆక్సిజన్ ఎనభై. ఆ మాట పట్టుకొని నేను ఇంటికి రావాల్నా?"

"ఆవిడ వద్దనేశారు అనుకున్నారు, అక్కా."

"వాళ్లు అడగమన్నరు. అడగమని రాసి పెట్టిన్రు. నువ్వే ఇప్పుడు చెప్పినవ్ గదా, మొహమాటం లేకుండ చెప్పున్రి అని."

"అది మర్యాదకి రాస్తారు కదా..."

అలా అన్నాక నా మాట నాకే వినిపించింది. మా ఊళ్లో వీధి గుమ్మంలో నిలబడి "భోంచేసి వెళ్లండి" అంటే ఎవరూ కూర్చోరు. కూర్చుంటే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. నేనూ ఆవిడా ఆ వాక్యాన్ని సరిగ్గా అలాగే చదివాం. నాలుగువేల మైళ్ల దూరంలో పుట్టిన ఇద్దరం ఒకేలా తప్పు చదివాం. పిలిచినాయన మాత్రం నిజంగానే విస్తరి వేసి కూర్చున్నాడు.

"సోమవారం పొద్దుగాల నువ్వు ఫోన్ జేస్తున్నవ్," అంది అక్క.

"నువ్వు చెయ్యక్కా."

"నేను డ్యూటీల ఉంట. ఇంకో మాట చెప్పనా? నీకు తెలిసి కూడ సప్పుడు జెయ్యలే. అవ్వకు అలవాటు లేదు, నీకేమయ్యింది? బుక్కులు గన్ని సదువుతవ్."

సోమవారం ఉదయం. అనాల్సిందంతా రెండు పేజీలు రాసుకున్నాను. చదివి చూస్తే మొదటి పేజీ అంతా క్షమించాలి, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించాలి. దాన్ని చింపేశాను. ఆవిడ ఎదురుగా కూర్చుని "వద్దు, పాపం వాళ్లకి పనుంటుంది," అంటూనే ఉంది. నాలుగు రింగులకి ఒకావిడ ఎత్తింది.

"మా ఇంటావిడ చెల్లెలు జపాన్‌లో చనిపోబోతున్నారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆవిడ వెళ్లాలి. ఐరిష్ పాస్‌పోర్టు. మేం ఏం చెయ్యాలి?"

అవతలావిడ మా ఇంటావిడ పేరడిగింది. చెప్పగానే గుర్తుపట్టింది. "డాఫోడిల్స్ గురించి రాసినావిడ! ఆ ఉత్తరం నేనూ చదివాను. వేసవి తర్వాత ప్రయాణం అనుకున్నాం." తర్వాత చకచకా చెప్పింది. చెల్లెలి ఆసుపత్రి నుంచి ఒక సర్టిఫికెట్, అక్కాచెల్లెళ్లని చూపించే కుటుంబ పత్రం నకలు, ఒక ఫారం. ఇలాంటి వాటికి దారి ఉందట. రాయబారి గారితో తనే మాట్లాడుతుందట. ఆఖర్న, "ఇది మొదటి ఉత్తరంలోనే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆవిడకీ మర్యాద అడ్డొచ్చింది. ఆ వాక్యాన్ని అప్పట్నుంచీ నేనే పూర్తిచేసుకుంటున్నాను.

నాలుగు రోజుల్లో అనుమతి చేతికొచ్చింది. నాలుగే రోజులు. రాయబారి గారు చేత్తో రాసిన చిన్న చీటీ కూడా ఉంది అందులో. ఆ రోజు నాకు సంతోషం రాలేదు, వెర్రి కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక స్నానాలగది తలుపు ధడేలున వేశాను. ఒకటిన్నర పేజీ తిట్టిన ఆ మనిషి మీద ఇంకేం కోపం పెట్టుకోను? ఆయన అడిగింది ఇచ్చాడు. అడగనిది ఇవ్వలేదు.

టాక్సీ ఎక్కేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వంగి నిలబడింది. ఎయిర్‌పోర్టు దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి, ఎక్కడికని అడిగారట. కాగితాలు చూపిస్తే, బాగున్నారా అమ్మా అన్నారట. గ్రాండ్ అందట.

అక్కడికి చేరాక పద్నాలుగు రోజులు ఒక గదిలో ఒంటరిగా ఉండాలి. ఆ తర్వాతే ఆసుపత్రి. పదకొండో రోజున చెల్లెలు పోయింది.

మేం ఉత్తరం పోస్టు చేసిన రోజుకీ నేను ఫోన్ చేసిన రోజుకీ మధ్య ఇరవై రెండు రోజులు. మూడు రోజులు తక్కువై ఆవిడ చెల్లెల్ని చూడలేకపోయింది. ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం తిన్నగా రాసి ఉంటే, ఆ మూడూ పోను పంతొమ్మిది రోజులు పక్కన కూర్చుని ఉండేది. ఈ లెక్క నేను నోట్‌బుక్కులో ఎన్నిసార్లు వేశానో. ఎన్నిసార్లు వేసినా పంతొమ్మిదే వచ్చింది.

నెల తర్వాత ఆవిడ తిరిగొచ్చింది. ఇక్కడా మళ్లీ రెండు వారాలు గదిలోనే. భోజనం పళ్లెం గది గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడేదాన్ని. తలుపు సందులోంచి ఆవిడ మాట్లాడేది. చెల్లెలి ముఖం ప్రశాంతంగా ఉందని కూతురు చెప్పిందట. తను గది కిటికీలోంచి చూసిన ఆకాశమే చెల్లెలూ చూసి ఉంటుందట. "ఒకే దేశంలో ఉన్నాం కదా. అది చాలు. నేను గ్రాండ్."

మూడో రోజునో నాలుగో రోజునో మళ్లీ అదే అంది. చాలు, గ్రాండ్ అని.

"చాలదు," అన్నాను.

తలుపు సందులో ఆవిడ కళ్లు నా వైపు తిరిగాయి.

"చాలదండీ. గ్రాండ్ కాదు. ఏం బాగాలేదు. మీరు అడగలేదు, నేను అడిగించలేదు. తెలిసి కూడా ఊరుకున్నాను. అలా అనకండి ఇంక. బాగాలేదని అనండి." చేతిలో ఉన్న నీళ్ల జగ్గు ఠపీమని మెట్టు మీద పెట్టాను. మెట్ల మీద నీళ్లు ఒలికాయి. నా జన్మలో ఒక పెద్దావిడతో అలా మాట్లాడలేదు. అక్క కింద వంటింట్లోంచి తల బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి తీసుకుంది.

ఆవిడ పళ్లెం లోపలికి తీసుకుంది. తర్వాత ఆవిడ మామూలు గొంతుతో, "బాగాలేదు," అంది. తలుపు మూసుకుంది.

గది వాసం అయ్యాక, కిందికొచ్చిన మొదటి ఉదయమే కాగితాలు తీసింది. ఈసారి ఒకటే కాగితం. పావుగంటలో అయిపోయింది. నాకు చదివి చెప్పింది. అనుమతికి కృతజ్ఞతలు, చెల్లెల్ని చూడలేకపోయాను. ఇవి రెండు ముక్కలు. తర్వాత, "మీ మూడో లక్ష్యంలో మొహమాటం లేకుండా చెప్పమని రాశారు. నా వయసు వాళ్లం ఆ మాట నమ్మం. మర్యాదకి రాశారనుకుంటాం. అందుకని రాసి ఊరుకోకండి. ఇక్కడున్న మా ముసలివాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చెయ్యండి. ఏం కావాలని మూడుసార్లు అడగండి. మొదటి రెండుసార్లూ ఏమీ వద్దంటాం."

"వాతావరణం గురించి ఏమీ లేదా?" అన్నాను.

"లేదు," అంది. కానీ నేను కవరు మీద అడ్రసు రాస్తుంటే ఆవిడ చెయ్యి కాగితం వైపు రావడం చూశాను. "గాలి తగ్గిందని ఒక్క ముక్క..."

"వద్దు," అన్నాను. కాగితం లాక్కుని కవర్లో పెట్టి అంటించేశాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వానలో వీధి చివరిదాకా వెళ్లి డబ్బాలో వేసేశాను. ఆవిడ మనసు మారేలోపు. నా మనసు మారేలోపు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం హాల్లో ఫోన్ మోగింది. నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నాను. ఆవిడ ఎత్తింది. వింటూ, లేని మనిషికి రెండుసార్లు వంగి నమస్కరించింది. నాకు తెలిసిన ఆ ఒక్క జపాన్ మాట అంది, మరేం ఫర్వాలేదని. అవతలివాళ్లు ఏదో అడిగారు. మళ్లీ అదే మాట అంది. అవతలివాళ్లు మళ్లీ అడిగినట్టున్నారు.

ఈసారి ఆవిడ ఆ మాట అనలేదు. కాలితో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.